డూప్లెక్స్ ఫ్లాట్, సొంత టెర్రస్: కొనేముందు, దిగేముందు చూసుకోవాల్సినవి

హైదరాబాద్‌లో మణికొండ, కొండాపూర్ లాంటి చోట్ల ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లలో పై రెండంతస్తులూ కలిపి డూప్లెక్స్‌గా అమ్మడం ఇప్పుడు మామూలే. లోపల మెట్లు, హాలు మీద రెండంతస్తుల ఎత్తు, పైన ఓ 500, 600 చదరపు అడుగుల సొంత టెర్రస్. చూడగానే మనసు పారేసుకునే ఇల్లే. అయితే ఆ టెర్రస్ మీదని బ్రోషర్ చెబితే చాలదు. సేల్ డీడ్ చెప్పాలి, అనుమతి ప్లాన్ చెప్పాలి, కింద ఉన్న శ్లాబ్ కూడా మీ వాడకాన్ని మోయగలగాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా డబ్బు పెట్టింది మీరు, తలనొప్పి మీది.

కాగితాల్లో టెర్రస్ ఎక్కడుంది?

2016 రెరా చట్టం (ఇళ్లు కొనేవాళ్ల రక్షణకు తెచ్చిన రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) టెర్రస్‌లను ఉమ్మడి ప్రాంతాల లెక్కలో పెట్టింది. ఒక ఫ్లాటుకే చెందేలా అమ్ముతున్నప్పుడు దాన్ని ప్రత్యేకంగా, కొలతలతో సహా రాయాలి. సేల్ అగ్రిమెంట్ ముసాయిదా చేతికి రాగానే ముందు షెడ్యూల్ పేజీలు తెరవండి. 'ఫ్లాట్ నంబరు ఫలానా, దానికి ఆనుకుని ఇన్ని చదరపు అడుగుల ప్రత్యేక ఓపెన్ టెర్రస్, దాని నాలుగు హద్దులు ఇవి' అని ఉండాలి. 'టెర్రస్ హక్కులతో సహా' అన్న ఒక్క ముక్కతో సరిపెడితే ఒప్పుకోవద్దు. రేపు అసోసియేషన్ 'అది అందరిదీ' అంటే చూపించడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

రిజిస్ట్రేషన్ కాని అగ్రిమెంట్ మీద పెద్ద మొత్తాలు కట్టకండి. రెరా వర్తించే ప్రాజెక్టులో అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా బిల్డర్ 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8 దాటినా రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తెలంగాణలో 2017 జనవరి 1 తర్వాత అనుమతి పొందిన ప్రాజెక్టులకు ఇది వర్తిస్తుంది. రిజిస్టరైన ప్రాజెక్టు అయితే ప్లాన్లు తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. బిల్డర్ ఇచ్చిన జిరాక్సును నమ్మకుండా అక్కడివి దించుకుని చూడండి.

ఆ ప్లాన్‌లో ముందు వెతకాల్సింది మీ పై అంతస్తు. హైదరాబాద్‌లో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. స్టిల్ట్ (కింద పార్కింగు కోసం వదిలే అంతస్తు) ప్లస్ ఐదు అంతస్తులకు అనుమతి తెచ్చుకుని, ఆరో అంతస్తులో సగం మేర గదులు వేసి, దాన్ని 'పెంట్‌హౌస్' అనో 'డూప్లెక్స్ పై భాగం' అనో అమ్మేస్తారు. అనుమతి ప్లాన్‌లో అక్కడ మెట్ల గది, లిఫ్ట్ గది, ట్యాంకు మాత్రమే ఉంటాయి. అలాంటి ఇల్లు కొంటే పై గదులకు బ్యాంకు విలువ కట్టదు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌లో (ఓసీ, అంటే ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే పత్రంలో) అవి కనిపించవు, కార్పొరేషన్ నోటీసు ఎప్పుడైనా రావచ్చు. 'తర్వాత రెగ్యులరైజ్ అయిపోతుందండీ' అన్న మాట మీద రూపాయి కూడా పెట్టొద్దు. 2015లో తెచ్చిన క్రమబద్ధీకరణ పథకం ఆ ఏడాది అక్టోబరు 28 లోపు కట్టినవాటి కోసమే.

ప్లాన్ చూసేటప్పుడు స్కేలుతో కొలవండి. పై అంతస్తు గదులు, లోపలి మెట్లు, హాలు మీద ఖాళీ, టెర్రస్ నాలుగూ గీతల్లో కనిపించాలి. తర్వాత ఓసీలోని అంతస్తుల సంఖ్యతో సరిపోల్చండి. 1987 అపార్ట్‌మెంట్ల చట్టం కింద ఇచ్చే డిక్లరేషన్, అసోసియేషన్ బైలాస్ కూడా అడిగి చదవండి. వాటిలో రెండు సంగతులు తేలాలి.

ఒకటి, ఓవర్‌హెడ్ ట్యాంకుకో లిఫ్ట్ మెషిన్ గదికో మీ టెర్రస్ మీదుగా దారి ఉందా? ఉంటే అది సొంత టెర్రస్ అనిపించుకోదు. లిఫ్ట్ మెకానిక్ నుంచి కేబుల్ కుర్రాడి దాకా అందరూ మీ ఇంట్లోంచే పోతారు.

రెండు, వాటర్‌ప్రూఫింగ్ పాడైతే ఖర్చు ఎవరిది? శ్లాబ్ ఉమ్మడి, వాడకం మీది. ఇది ముందే రాసుకోకపోతే కింది ఫ్లాట్ వాళ్ల పడకగది సీలింగ్ చెమ్మ ఎక్కిన రోజు గొడవ మొదలవుతుంది. టెర్రస్ మీద టైల్స్, పైపూత మీవి, శ్లాబ్ నిర్మాణ లోపం అసోసియేషన్‌దో బిల్డర్‌దో అని విడదీసి రాయించుకుంటే అందరికీ న్యాయం. నిర్మాణ లోపాలకు స్వాధీనం ఇచ్చిన నాటి నుంచి ఐదేళ్లు బిల్డర్‌దే బాధ్యత. చెప్పిన 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగుచేయాలని రెరా 14వ సెక్షన్ చెబుతుంది. అందుకే లీకేజీ కనిపించిన రోజే ఫొటోలతో ఈమెయిల్ పెట్టండి. ఫోన్లో చెప్పినదానికి రుజువు ఉండదు.

చదరపు అడుగుల లెక్క

కార్పెట్ ఏరియాలో, అంటే ఇంటి లోపల వాడుకునే నేల విస్తీర్ణంలో, ప్రత్యేక బాల్కనీ, ప్రత్యేక ఓపెన్ టెర్రస్ రావు. బయటి గోడలు, పైపులు పోయే షాఫ్టులు కూడా రావు, లోపలి అడ్డుగోడలు మాత్రం వస్తాయి. కాబట్టి కార్పెట్ ఏరియా, టెర్రస్ విస్తీర్ణం విడివిడిగా రాసివ్వమనండి. టెర్రస్‌కు మామూలు రేటులో సగమో పావో వసూలు చేయడం బయట నడుస్తున్న పద్ధతి. బేరం ఆడటానికి వీలైన చోటు అదే.

హాలు మీది ఖాళీని జాగ్రత్తగా చూడండి. కింద 250 చదరపు అడుగుల హాలు ఉంటే, పై అంతస్తులో అదే 250 అడుగులు గాలి. నేల లేని చోటుకు డబ్బు కట్టకూడదు. కొందరు అమ్మేవాళ్లు రెండంతస్తులనూ బయటి గోడల కొలతతో లెక్కేసి, ఆ ఖాళీని కూడా సూపర్ బిల్టప్‌లో (గోడలు, ఉమ్మడి చోట్ల వాటా కూడా కలిపిన విస్తీర్ణంలో) కలిపేస్తారు. మెట్ల చోటునూ రెండుసార్లు కలుపుతారు. టేపు పట్టుకుని గదిగదికీ కొలిస్తే గంటలో తేలిపోతుంది.

ఓసీ రాకముందు కొంటే 5 శాతం జీఎస్టీ పడుతుంది, ఓసీ వచ్చాక కొంటే అది లేదు. డూప్లెక్స్ ధరల్లో ఇది లక్షల తేడా కాబట్టి, ఇల్లు దాదాపు పూర్తయి ఉంటే ఓసీ దాకా ఆగడమే నయం.

నీళ్లు కట్టి చూడటం

టెర్రస్ ఉన్న ఇంట్లో అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఇది. తాళం చెవులు తీసుకునేముందే, టైల్స్ వేయకముందే చేయించగలిగితే మరీ మంచిది. టైల్స్ పడ్డాక లీకేజీ ఎక్కడో పట్టుకోవడం నాలుగింతలు కష్టం.

ముందు వాటం చూడండి. నీళ్లు పోయే రంధ్రం వైపు నేల కనీసం నూటికి ఒకటి చొప్పున వాలాలి. అంటే 10 అడుగుల దూరానికి అంగుళం పైచిలుకు. 20 అడుగుల టెర్రస్‌లో ఒక కొసన దాదాపు రెండున్నర అంగుళాల ఎత్తు కావాలి. ఆ ఎత్తు తెచ్చే కాంక్రీటు, దాని మీద టైల్స్, వాటి కింద మసాలా అన్నీ కలిసి ఒక్కోసారి గుమ్మం మట్టానికి వచ్చేస్తాయి. లోపలి నేల కన్నా టెర్రస్ నేల కనీసం 6 అంగుళాలు కిందకు ఉండాలి. లోపలా బయటా ఒకే మట్టంగా ఉంటే చూడటానికి బాగుంటుందని స్లైడింగ్ తలుపు దగ్గర మెట్టు తీసేస్తున్నారు. అలా కావాలంటే తలుపు పొడవునా జాలీ మూత ఉన్న కాలువ వేసి, దానికి విడిగా పైపు ఇవ్వాలి. లేకపోతే గాలివానకు నీళ్లు నేరుగా హాల్లోకే.

తర్వాత ఇలా చేయించండి:

1. నీళ్లు పోయే రంధ్రాలన్నీ పాలిథీన్‌లో చుట్టిన గుడ్డతో గట్టిగా బిగించాలి. గుమ్మం ముందు సిమెంటుతో నాలుగంగుళాల కట్ట కట్టాలి.
2. ఎత్తైన చోట కూడా అంగుళం నీళ్లు నిలిచేలా నింపాలి. సగటున 2 అంగుళాలు అనుకుంటే, 600 చదరపు అడుగులకు సుమారు 2,800 లీటర్లు పడతాయి. ఇంకా ఎక్కువ నింపి చూద్దామని మేస్త్రీ అంటే వద్దనండి. 2 అంగుళాల నీళ్లే చదరపు మీటరుకు 50 కిలోల బరువు.
3. పిట్టగోడ మీద నీటి మట్టం దగ్గర పెన్సిల్ గీత గీయాలి. పక్కనే ఒక బకెట్‌లో నీళ్లు పోసి దాని మీదా గీత పెట్టాలి. ఎండకు ఆవిరయ్యేది రెండింటిలోనూ దాదాపు ఒకేలా తగ్గుతుంది. టెర్రస్ మీద బకెట్ కన్నా బాగా ఎక్కువ తగ్గితే నీళ్లు ఎక్కడికో పోతున్నాయన్నమాట.
4. 48 గంటలు ఆగాలి, వీలైతే 72. ఈలోపు కింది గదుల్లో మూలలు, ఫ్యాన్ హుక్కు పెట్టె, లైటు పాయింట్లు, పైపులు శ్లాబ్ దాటే చోట్లు టార్చిలైటుతో చూడాలి. చెమ్మ ముందుగా కనిపించేది కరెంటు పైపు దిగే దారిలోనే.
5. నీళ్లు వదిలాక అరగంట ఆగి చూడాలి. ఎక్కడ మడుగు మిగిలితే అక్కడ సున్నంతో గుండ్రం గీసి ఫొటో తీసుకోండి. వాటం మళ్లీ సరిచేయమని అడగాల్సింది అక్కడే.

లీకేజీ ఎక్కువగా వచ్చేది మైదానం లాంటి నడిమధ్య నుంచి కాదు, అంచుల నుంచి. నేలా పిట్టగోడా కలిసే మూలలో రెండంగుళాల గుండ్రటి పూత ఉండాలి. వాటర్‌ప్రూఫింగ్ పొర గోడ మీదికి కనీసం అడుగు ఎక్కాలి. పైపు చుట్టూ నాన్‌ష్రింక్ గ్రౌట్ (ఆరినా కుంచించుకుపోని పూడిక) వేయకుండా మామూలు సిమెంటుతో మూసేస్తే ఏడాది తిరిగేలోపు అక్కడ పగులు వస్తుంది. టైల్స్ మధ్య 3 నుంచి 5 మి.మీ. సందు, ప్రతి 3 మీటర్లకూ సీలెంట్ నింపిన విస్తరణ సందు కావాలి. మే నెల ఎండకు వేడెక్కి, సాయంత్రం వానకు ఒక్కసారిగా చల్లబడే నేల ఇది. సందు లేకపోతే టైల్స్ ఉబ్బి లేస్తాయి.

నీళ్లు పోయే పైపుల లెక్క కూడా వేసుకోండి. గంటకు 100 మి.మీ. వాన పడితే 100 మి.మీ. పైపు ఒక్కటి సుమారు 430 చదరపు అడుగుల నీటినే లాగగలదు. అంటే 600 అడుగుల టెర్రస్‌కు రెండు పైపులు తప్పవు. పైకప్పు నీళ్లు కూడా మీ టెర్రస్ మీదే పడుతుంటే ఆ విస్తీర్ణమూ కలపాలి. వీటికి తోడు పిట్టగోడలో, గుమ్మం మట్టానికి బాగా దిగువన, ఒక పొంగు రంధ్రం పెట్టించండి. 2020 అక్టోబరు 13 నాటి కుంభవృష్టి లాంటిది మళ్లీ వచ్చినప్పుడు ఆకులు అడ్డుపడినా నీళ్లు ఇంట్లోకి రాకుండా కాపాడేది ఆ రంధ్రమే.

శ్లాబ్ ఎంత మోస్తుంది

భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం, మనుషులు తిరిగే పైకప్పుకు డిజైన్‌లో తీసుకునే వాడకపు భారం చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోలు. తడిసిన ఎర్రమట్టి అడుగు మందాన పరిస్తే చదరపు మీటరుకు 500 కిలోలు దాటుతుంది. లాన్ వేస్తామనో, గట్టు కట్టి తోట పెడతామనో అనుకునేవాళ్లు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. బిల్డర్ 'ఏం కాదు' అంటే స్ట్రక్చరల్ డ్రాయింగ్‌లో టెర్రస్‌కు ఎంత భారం తీసుకున్నారో చూపించమనండి. ఎక్కువ భారానికే డిజైన్ చేసి ఉంటే సంతోషం, ఆ కాగితం కాపీ దాచుకోండి.

డిజైన్ మామూలుదే అయితే తోట మానుకోనక్కర్లేదు, తేలిక చేసుకోవాలి. 15 అంగుళాల గ్రో బ్యాగును ఎర్రమట్టితో నింపి నీళ్లు పోస్తే 70 కిలోలు దాటుతుంది. మట్టి, కోకోపీట్, వర్మీకంపోస్టు సమానంగా కలిపితే 50 కిలోల లోపే. పెద్ద కుండీలను నడిమధ్యలో కాకుండా బీములు, కాలమ్‌ల మీదుగా, పిట్టగోడ వెంట సర్దండి. కుండీ కింద ఇనుప స్టాండు పెడితే నేల ఆరుతుంది, ఊడవడానికి చీపురు దూరుతుంది. కరివేపాకు, నిమ్మ, మల్లె, గోంగూర, పాలకూర టెర్రస్ మీద చక్కగా వస్తాయి. పిట్టగోడ పగుళ్లలో రావి మొక్క మొలిచిందంటే వేలెడంత ఉన్నప్పుడే వేరుతో సహా తీసేయండి, ముదిరితే గోడ విప్పాల్సి వస్తుంది.

పర్గోలా (స్తంభాల మీద నిలిపే పందిరి చట్రం) కావాలంటే స్తంభాల కోసం నేలకు డ్రిల్ పెట్టనివ్వకండి. మంచి వాటర్‌ప్రూఫింగ్‌ను పాడుచేసేది ఎక్కువగా ఆ బోల్టు రంధ్రాలే. స్తంభాలను బరువైన కాంక్రీటు దిమ్మెల్లో నిలబెట్టవచ్చు, లేదా కాంక్రీటు పిట్టగోడకు పక్క నుంచి బిగించవచ్చు. గాలికి లేచిపోకుండా ఎంత బరువు కావాలో ఇంజినీరుతో లెక్క వేయించండి. రేకులు వేసి నాలుగు వైపులా మూసేస్తే అది అనుమతి లేని గది కిందకే వస్తుంది. గుడ్డ నీడ, తీగ పందిరి చాలు.

పిట్టగోడ ఎత్తు మీటరుకు తగ్గకూడదు. పిల్లలున్న ఇంట్లో 1.2 మీటర్లు మంచిది. దాని పక్కన ఎక్కడానికి వీలయ్యే బెంచీలు, కుండీలు ఉంచకండి. గాజు రెయిలింగ్ అయితే లామినేటెడ్ (రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్న) టఫెన్డ్ గాజే తీసుకోండి. ఒట్టి టఫెన్డ్ గాజు పగిలితే ముక్కలన్నీ కింద నడిచేవాళ్ల మీద పడతాయి. విశాఖలాంటి సముద్రపు గాలి ఉన్న చోట స్టీలు రెయిలింగ్‌కు 304 గ్రేడు త్వరగా మచ్చలు పడుతుంది, 316 అడగండి.

లోపలి మెట్లు

అంతస్తుకీ అంతస్తుకీ 10 అడుగులుంటే, 170 మి.మీ. చొప్పున 18 ఎత్తులు వస్తాయి. చివరి ఎత్తు పై అంతస్తు నేలకే చేరుతుంది కాబట్టి, మెట్టు వెడల్పు 250 మి.మీ. చొప్పున 17 మెట్లకు నేరుగా పోయే మెట్లవరుస 14 అడుగులు తీసుకుంటుంది. అంత చోటు లేనప్పుడు ఎత్తు 200 దాటించి మెట్లను నిటారుగా చేస్తారు. రోజుకు పదిసార్లు ఎక్కి దిగే ఇంట్లో ముసలివాళ్ల మోకాళ్లు దాన్ని మోయలేవు. 190 మి.మీ. మించితే వద్దనండి. తల పైన 2.2 మీటర్ల ఖాళీ ఉందా అని అన్ని మెట్ల మీదా నిలబడి చూడండి. మొదటి మెట్టు, చివరి మెట్టు మిగతావాటితో సమానంగా ఉన్నాయో కొలవండి. నేల మీద మార్బుల్ పరిచాక మొదటిది పొట్టిదైపోతుంది, కాలు తడబడేది అక్కడే. రెయిలింగ్ కడ్డీల మధ్య సందు 4 అంగుళాలు మించకూడదు, పసిపిల్లల తల దూరుతుంది.

మంచం, బీరువా, ఆరడుగుల పరుపు ఆ మెట్ల మీదుగా పైకి వెళ్తాయా అన్నది మలుపు దగ్గర టేపుతో చూసుకోండి. పై అంతస్తుకు కూడా లిఫ్ట్ ఆగి, అక్కడొక తలుపు ఉంటే సామానుకీ, ఏదైనా ప్రమాదంలో బయటపడటానికీ చాలా మేలు. అలాంటి ఇల్లు దొరికితే కొంచెం ఎక్కువ పెట్టినా తప్పులేదు. కనీసం ఒక పడకగది, ఒక స్నానాలగది కింద ఉండాలి.

ఎత్తైన హాల్లో మధ్యన ఇనుప గడ్డర్లతో చిన్న అటక అంతస్తు వేసుకోవాలనుకునేవాళ్లకు ఒక్క మాట: కిందా పైనా 2.2 మీటర్ల ఎత్తు మిగలాలి, గడ్డర్లు బీముల మీదో కాలమ్‌ల మీదో కూర్చోవాలి. ఇటుక గోడలో గూడు కొట్టి కూర్చోబెడితే గోడ పగులుతుంది. ఇంజినీరు లెక్క, కార్పొరేషన్ అనుమతి రెండూ లేకుండా మొదలుపెట్టకండి.

వేడి, ఘాటు, నీటి ఒత్తిడి

పై అంతస్తుకు రోజంతా ఎండే. హాలు వేడి కూడా పైకే చేరుతుంది. పైకప్పుకు తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించండి, తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ప్రత్యేక విధానమే తెచ్చింది. పడమటి వైపు పెద్ద గాజు ఉంటే లోపల కర్టెన్ కన్నా బయట వెదురు తడక ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే ఎండ గాజు దాటాక వేడి లోపలే చిక్కుకుంటుంది. 250 అడుగుల హాలు 20 అడుగుల ఎత్తుంటే ఏసీ చల్లబరచాల్సిన గాలి మామూలు 500 అడుగుల గదికి సమానం. పైన మెట్ల దగ్గర మూసుకునే తలుపో గాజు అడ్డో ఉంటే పడకగదుల ఏసీలు బతికిపోతాయి. హాలు ఫ్యాన్ రాడ్డు పొడవుగా తీసుకుని రెక్కలు నేలకు 8, 9 అడుగుల ఎత్తులో తిరిగేలా వేలాడదీయండి.

వంటగది హాల్లోకి తెరుచుకుని ఉంటే పోపు ఘాటు తిన్నగా పై పడకగదులకే. బయటికి గొట్టం ఉన్న చిమ్నీయే పెట్టించండి, గాలిని వడగట్టి మళ్లీ లోపలికే వదిలేది మన వంటకు చాలదు.

పైన స్నానాలగదిలో షవర్ సన్నగా వస్తుందని దిగాక బాధపడేవాళ్లు ఎక్కువ. ట్యాంకు అడుగుకీ షవర్‌కీ 3 మీటర్ల తేడా ఉంటే నీటి ఒత్తిడి 0.3 బార్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) మాత్రమే. పెద్ద రెయిన్ షవర్లకు 1 బార్ దాకా కావాలి. చిన్న ప్రెషర్ పంపుకు చోటు, కరెంటు పాయింటు ముందే పెట్టించుకోండి. టెర్రస్ మీద ఒక కుళాయి, వానకు తట్టుకునే మూత ఉన్న రెండు ప్లగ్ పాయింట్లు, ఆ లైనుకు 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) కూడా ఇదే దశలో అడగాలి.

ఏటా చేయాల్సినవి

మృగశిర కార్తెకు ముందే రంధ్రాల జాలీలు విప్పి కడగండి. ఒక్కో పైపులో రెండు బకెట్లు పోసి కింద ధారగా వస్తున్నాయా చూడండి. తలుపు చట్రం చుట్టూ, విస్తరణ సందుల్లో సీలెంట్ ఎండి విడిపోతే గీకి కొత్తది నింపండి. కుండీల కింది పళ్లాల్లో నిలిచిన నీళ్లు వారానికోసారి పారబోయాలి, డెంగీ దోమ పెరిగేది అందులోనే.

కింది ఫ్లాట్‌లో చెమ్మ కనిపించిందని చెబితే వెంటనే రసాయనాల వాళ్లను పిలిచి మొత్తం పైన పూత వేయించకండి. ముందు ఒక్కో రంధ్రం దగ్గర, ఒక్కో మూల దగ్గర విడివిడిగా చిన్న కట్ట కట్టి రంగునీళ్లు పోసి, ఒక్కోదానికి ఒక రోజు ఇవ్వండి. కింద ఏ రంగు దిగిందో ఆ చోటు మాత్రం విప్పి బాగుచేస్తే సరిపోతుంది.